ఎవరి గీత, ఎవరి ఊరు: కొరియా ఏకీకరణ, పరాయి ప్రయోజనాలు



మాకు బడిలో పాఠం చెప్పిన మాస్టారి పేరు మీద పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన ఈ ధర్మనిధి సభలో మాట్లాడాలని కబురు అందగానే నాకు గుర్తొచ్చింది ఆయన చంకలో ఉండే గుడ్డ పటం. ప్రపంచ పటాన్ని చాపలా చుట్టి పట్టుకుని తరగతిలోకి వచ్చేవారు. గోడ మీద మేకుకు తగిలించాకే పాఠం మొదలు. సరిహద్దు ఎక్కడ తగిలినా దాని మీద వేలు ఆనించి రెండు ప్రశ్నలు వేసేవారు. ఈ గీత ఎవరు గీశారు? గీసినవాళ్లు ఆ ఊళ్లు చూశారా? పరీక్షల్లో ఎప్పుడూ రాని ఆ ప్రశ్నలను మేము అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత నేనూ చరిత్ర చెప్పి బతికాను. అన్నేళ్లలో అంతకన్నా పదునైన ప్రశ్నలు నాకు దొరకలేదు. అందుకే ఈ సాయంత్రం మాస్టారి వేలిని కొరియా పటం మీద ఆనిస్తాను.

కొరియా ఇప్పుడు మనకు దూరదేశం కాదు. 2019 నుంచి పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. అనంతపురం సీమలో కొరియా కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. మన ఇళ్లలో పిల్లలు కొరియా సీరియళ్లు తెలుగులో చూస్తున్నారు. అయితే మనకు పరిచయమైంది సగం కొరియానే. మిగతా సగం ఆ సీరియళ్లలో కూడా తీగకంచె అవతల నీడలాగే కనిపిస్తుంది.

నా వాదం ముందే చెప్పేస్తాను, తర్వాత మెట్టు మెట్టుగా వెళదాం. కొరియా చుట్టూ చేరిన నాలుగు పెద్ద దేశాలు చైనా, అమెరికా, జపాన్, రష్యాల్లో ఏదీ ఏకీకరణ వద్దని బహిరంగంగా అనదు. కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో రకం ఏకీకరణ కావాలి. తమకు గిట్టని రకం వచ్చేకన్నా ఇప్పుడున్న చీలికే నయమన్న చోట మాత్రం నలుగురూ కలుస్తారు. ఆ లెక్కలో రెండు కొరియాల పాలకులకూ ఎప్పటికప్పుడు వాటా దక్కింది. 1953 నాటి యుద్ధ విరామం ఇన్నేళ్లు నిలబడింది ఈ పునాది మీదే.

1

1945 ఆగస్టు 10 రాత్రి, వాషింగ్టన్. జపాన్ లొంగిపోబోతోందని తెలిసిపోయింది. సోవియట్ సేనలు అప్పటికే కొరియా ఉత్తర కొసలోకి దిగుతున్నాయి. అమెరికా సేనలు ఇంకా సముద్రం అవతలే ఉన్నాయి. ఎక్కడిదాకా వాళ్లది, ఎక్కణ్నుంచి మనది అని తేల్చమని ఇద్దరు యువ కర్నల్స్‌కు అరగంట గడువిచ్చారు. ఒకరు డీన్ రస్క్, తర్వాతి కాలంలో అమెరికా విదేశాంగ మంత్రి అయ్యారు. రెండోవారు చార్లెస్ బోన్‌స్టీల్. వాళ్ల ముందున్నది నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక పటం. రాజధాని సియోల్ తమ వైపు ఉండాలన్నదొక్కటే వాళ్ల షరతు. 38వ అక్షాంశం అందుకు సరిపోయింది. సోవియట్లు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

మాస్టారి రెండో ప్రశ్నకు జవాబు పటం మీదే ఉంది. ఆ గీత 12 నదులను, 75కు పైగా వాగులను, ఉత్తర దక్షిణాలను కలిపే 6 రైలు మార్గాలను అడ్డంగా కోసింది. ఇల్లు ఇటు, పొలం అటు అయినవాళ్లు ఎందరో. సిరిల్ రాడ్‌క్లిఫ్ ఐదు వారాల్లో మన పంజాబునూ బెంగాలునూ కోసి వెళ్లిన సంగతి తెలిసిన మనకు ఇది కొత్త కథ కాదు. రాడ్‌క్లిఫ్‌కు ఐదు వారాలైనా దొరికాయి.

తప్పంతా ఆ ఇద్దరు కర్నల్స్‌దే అనుకుంటే చరిత్ర సగమే చదివినట్టు. కొరియాను పంచుకోవాలన్న ఆలోచన వాళ్లు పుట్టకముందే ఉంది. 1896లో జపాన్ రష్యాతో 38వ అక్షాంశం దగ్గర ప్రభావాన్ని పంచుకుందామంది. 1903లో రష్యా 39వ అక్షాంశానికి ఉత్తరాన తటస్థ మండలం అంది. 1905లో అమెరికా యుద్ధమంత్రి టాఫ్ట్, జపాన్ ప్రధాని కత్సురా టోక్యోలో కూర్చుని మాట్లాడుకున్నారు. ఫిలిప్పీన్స్ జోలికి మేం రామని జపాన్, కొరియాలో మీ పెత్తనానికి అడ్డురామని అమెరికా. ఐదేళ్లకు, 1910లో, జపాన్ కొరియాను మింగేసింది. 35 ఏళ్ల పరాయి పాలన తర్వాత స్వేచ్ఛ వస్తుందని జనం ఎదురుచూస్తుంటే 1943 కైరో ప్రకటన ‘తగిన కాలంలో’ అన్న మాట తగిలించింది. 1945 డిసెంబరు మాస్కో సమావేశం ఆ మాటకు అర్థం చెప్పింది: నాలుగు దేశాల ధర్మకర్తృత్వం, ఐదేళ్ల దాకా. ఒక్క రాజ్యంగా, ఒక్క భాషతో వెయ్యేళ్లు బతికిన జాతికి తనను తాను ఏలుకోవడం నేర్పుతామన్నారు.

2

ఇక్కడినుంచి మన దేశం కూడా కథలోకి వస్తుంది. ఐక్యరాజ్య సమితి 1947 నవంబరులో కొరియాకు ఒక తాత్కాలిక సంఘాన్ని నియమించింది. దేశమంతటా ఎన్నికలు జరిపించి ఒకే ప్రభుత్వాన్ని నిలబెట్టడం దాని పని. అధ్యక్షత మన దౌత్యవేత్త కె.పి.ఎస్. మీనన్‌కు దక్కింది. 1948 జనవరిలో సంఘం సియోల్ చేరింది. గీత దాటి రావడానికి సోవియట్లు ఒప్పుకోలేదు. వెళ్లగలిగినంత మేర, అంటే దక్షిణాదిలోనే, ఎన్నికలు పెట్టడమా లేక చేతులెత్తేయడమా అన్న ప్రశ్న సమితి ముందుకొచ్చింది. సగానికి ఎన్నికలు పెడితే చీలికకు ముద్ర వేసినట్టే అవుతుందని అందరికీ తెలుసు. ఓటింగులో కెనడా, ఆస్ట్రేలియా మాత్రమే వద్దన్నాయి. వద్దన్న వాటిలో మన దేశం లేదు. ఈ మాట చెప్పడం నాకు కష్టంగా ఉంది, అయినా దాచను.

అదే వసంతంలో కిమ్ గు అనే వృద్ధుడు గీత దాటి ఉత్తరానికి నడిచారు. జపాన్ మీద పోరాటంలో ప్రవాస ప్రభుత్వాన్ని నడిపిన మనిషి. కమ్యూనిస్టు కాదు, కమ్యూనిస్టులంటే గిట్టని జాతీయవాది. అయినా విడి ఎన్నికలు జరిగితే జాతి రెండుగా మిగిలిపోతుందన్న భయంతో ఏప్రిల్‌లో ప్యోంగ్యాంగ్ వెళ్లి అక్కడి నాయకులతో కూర్చున్నారు. మాటలైతే నడిచాయి, ఫలితం మాత్రం లేదు. మే 10న దక్షిణాన ఎన్నికలు జరిగాయి. నాలుగు రోజులకు ఉత్తరం దక్షిణానికి కరెంటు ఆపేసింది. పెద్ద జలవిద్యుత్ కేంద్రాలన్నీ ఉత్తరానే ఉన్నాయి మరి. ఆగస్టు 15న ఒక ప్రభుత్వం, సెప్టెంబరు 9న ఇంకొకటి. ఏడాది తిరక్కుండానే, 1949 జూన్‌లో, కిమ్ గును సియోల్‌లో ఆయన ఇంట్లోనే ఒక సైనికాధికారి కాల్చి చంపాడు.

జెజు ద్వీపం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విడి ఎన్నికలను వ్యతిరేకిస్తూ 1948 ఏప్రిల్ 3న అక్కడ తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడంలో 25,000 నుంచి 30,000 మంది దాకా చచ్చిపోయారని ఆ దేశపు ప్రభుత్వ సంఘమే తర్వాత తేల్చింది. తుపాకులు పరాయివి కావచ్చు, మీట నొక్కిన వేళ్లలో చాలా భాగం కొరియావే. కొరియా విషాదాన్ని బయటివాళ్ల ఖాతాలో పూర్తిగా రాసేయలేం అనడానికి నాకు జెజు చాలు.

3

ఆ తర్వాత ఒకే ఏడాదిలో కొరియా రెండుసార్లు ఏకమవబోయింది, రెండుసార్లూ కత్తి పట్టుకునే. యుద్ధ కథలో ఈ అంశం మీద మనం నిలవం, నేను కాసేపు నిలుస్తాను.

మొదటి ప్రయత్నం ఉత్తరానిది. స్టాలిన్ అనుమతి తీసుకుని, మావోకు చెప్పి, 1950 జూన్ 25న ఉత్తరాది నాయకుడు కిమ్ ఇల్ సంగ్ సేనలు దిగాయి. సియోల్ మూడు రోజుల్లో పడిపోయింది. దక్షిణాదికి పూసాన్ చుట్టుపక్కల ముక్క మాత్రమే మిగిలింది. సెప్టెంబరు 15న అమెరికన్ జనరల్ మెకార్థర్ ఇంచోన్ రేవులో సేనలు దించడంతో లెక్క తిరగబడింది. రెండో ప్రయత్నం అప్పుడు మొదలైంది. దాడిని తిప్పికొట్టడానికి వచ్చిన సమితి సేన 38వ గీత దగ్గర ఆగుతుందా, ఆగకుండా ఉత్తరాన్ని కూడా జయించి దేశాన్ని ఏకం చేస్తుందా?

అక్టోబరు 2 దాటి 3వ తేదీ వస్తోంది. అర్ధరాత్రి వేళ బీజింగ్‌లో చైనా ప్రధాని చౌ ఎన్ లై మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను నిద్ర లేపి పిలిపించుకున్నారు. అమెరికా సేనలు గీత దాటితే మేం చూస్తూ ఊరుకోం, యుద్ధంలోకి దిగుతాం అని చెప్పారు. పణిక్కర్ ఢిల్లీకి చెప్పారు, ఢిల్లీ నుంచి కబురు లండన్‌కూ వాషింగ్టన్‌కూ చేరింది. అక్కడ నమ్మలేదు. పణిక్కర్ చైనా పక్షపాతి అన్నారు, ఇదంతా బెదిరింపు అన్నారు. సేనలు గీత దాటాయి. అక్టోబరు 19న చైనా సైన్యం అమ్నోక్ నది దాటింది, దాన్నే చైనావాళ్లు యాలూ అంటారు. సియోల్ చేతులు మారడం అక్కడితో ఆగలేదు, మొత్తం నాలుగుసార్లు మారింది. చివరికి గీత ఇంచుమించు మొదలైన చోటికే వచ్చి ఆగింది. ఈలోగా పోయిన ప్రాణాలు పాతిక, ముప్పై లక్షలని అంచనాలు.

అప్పుడు నాలుగు దేశాలూ నేర్చుకున్న పాఠం నేటికీ మారలేదు. ఇటువాళ్లు తమ పద్ధతిలో కలిపితే అటువాళ్లు సైన్యంతో వస్తారు. అటువాళ్లు కలిపితే ఇటువాళ్లు వస్తారు. 1953 జూలై 27న పాన్‌ముంజోమ్‌లో సంతకాలైంది యుద్ధ విరామానికే. శాంతి ఒడంబడిక ఈ రోజుకీ లేదు. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ ఆ విరామ పత్రం మీద కూడా సంతకం పెట్టనివ్వలేదు. అంటే ఆ దేశపు సరిహద్దును కాపలా కాసే కాగితం మీద ఆ దేశపు చేవ్రాలు లేదు.

కొత్త గీత పాత అక్షాంశం వెంట తిన్నగా పోకుండా వాలుగా సాగింది. పాత గొరియో రాజ్యపు రాజధాని కేసాంగ్ 1945లో దక్షిణాన ఉంది, 1953లో ఉత్తరాన తేలింది. ఇళ్లు కదల్లేదు, దేశం మారింది. గీతకు అటు రెండు, ఇటు రెండు కిలోమీటర్లు సైనికరహిత మండలం అన్నారు. 250 కిలోమీటర్ల పొడవునా ఆ మండలం అంచుల్లో మోహరించినంత సైన్యం ప్రపంచంలో మరెక్కడా అరుదు.

సంతకాలను ఏడాదికి పైగా ఆపింది యుద్ధఖైదీల పేచీ. సొంత దేశానికి తిరిగి వెళ్లబోమన్నవాళ్లను ఏం చెయ్యాలి? దానికి తటస్థ దేశాల సంఘం వేసి, అధ్యక్షత మన జనరల్ తిమ్మయ్యకు ఇచ్చారు. 22,000 మందికి పైగా ఖైదీల కాపలా మన సైనికుల పని. భారత సైనికులు తన నేల మీద అడుగు పెట్టకూడదని రీ పట్టుపట్టడంతో ఇంచోన్ ఓడల నుంచి వాళ్లను హెలికాప్టర్లలో నేరుగా మండలంలోకి దించారు. అటూ ఇటూ కూడా తిట్లు తింటూ మనవాళ్లు ఆ పని ముగించారు. చివరికి 88 మంది ఖైదీలు ఉత్తరమూ వద్దు, దక్షిణమూ వద్దు, చైనా తైవాన్లూ వద్దు, మూడో దేశం కావాలన్నారు. మన సేనతో పాటు ఓడెక్కి 1954 ఫిబ్రవరిలో మద్రాసులో దిగారు. కొందరు తర్వాత బ్రెజిల్, అర్జెంటీనా వెళ్లారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. 1960లో చోయ్ ఇన్ హున్ అనే రచయిత అలాంటి ఖైదీ మీద నవల రాశారు, పేరు ‘గ్వాంగ్‌జాంగ్’, అంటే బహిరంగ కూడలి. అందులో కథానాయకుడు ఎక్కిన భారతీయ ఓడ పేరు టాగూర్. అతను మన తీరం చేరడు, దారిలో సముద్రంలో కలిసిపోతాడు. కొరియా బడిపిల్లలు ఇప్పటికీ చదివే నవల అది.

4

ఇక నేటి ప్రయోజనాలు. చైనా లెక్క అన్నిటికన్నా పాతది, కాబట్టి అక్కడ మొదలుపెడతాను.

1894లో జపాన్ చైనాతో యుద్ధానికి దిగింది కొరియా కోసమే. 1931లో జపాన్ మంచూరియాను ఆక్రమించినప్పుడు కొరియా నుంచీ సేనలు నడిచాయి. 1950లో మెకార్థర్ సేనలు యాలూ ఒడ్డుకు చేరాయి. యాభై అరవై ఏళ్లలో మూడుసార్లు ప్రమాదం ఒకే దారిలో వచ్చిన ఇల్లు ఆ దారికి తలుపు పెట్టుకుంటుంది. చైనాకు ఉత్తర కొరియా ఆ తలుపు. కొరియా యుద్ధంలో చనిపోయినవాళ్లలో మావో కొడుకు కూడా ఉన్నాడు. 1961 నాటి రక్షణ ఒడంబడిక ఇప్పటికీ అమల్లో ఉంది. 1,400 కిలోమీటర్ల ఉమ్మడి సరిహద్దు, దానికి ఇవతల యాన్‌బియన్‌లో కొరియా జాతివారే పెద్ద సంఖ్యలో ఉన్న స్వపరిపాలన జిల్లా, ఇవీ ఉన్నాయి. ప్యోంగ్యాంగ్ అణు పరీక్షలంటే బీజింగ్‌కు ఇష్టం లేదు. 2006 నుంచి 2017 దాకా సమితి ఆంక్షలకు తానూ చెయ్యెత్తింది. అయినా పొరుగు రాజ్యం కూలనివ్వదు, ఆ దేశపు వ్యాపారంలో సింహభాగం తన మీదుగానే నడిపిస్తుంది. ఏకమైన కొరియా విషయంలో చైనా అడిగే ప్రశ్న ఒకటే: అమెరికా సైన్యం ఉంటుందా, పోతుందా?

అమెరికా అడిగేదీ అదే ప్రశ్న, రెండో వైపు నుంచి. 1953 అక్టోబరు ఒడంబడిక ప్రకారం 28,500 మంది దాకా అమెరికా సైనికులు దక్షిణాన ఉన్నారు. ప్యోంగ్‌టేక్‌లో ఉన్న శిబిరం విదేశాల్లో అమెరికాకు ఉన్నవాటిలో అతి పెద్దది. యుద్ధమే వస్తే దక్షిణ కొరియా సైన్యం కూడా ఉమ్మడి సేనాధిపతి అయిన అమెరికన్ జనరల్ ఆజ్ఞకు లోబడాలి. శాంతికాలపు అధికారం 1994లో సియోల్‌కు తిరిగొచ్చింది, యుద్ధకాలపుది రాలేదు. శాంతి ఒడంబడిక కుదిరితే మర్నాడు సియోల్ వీధుల్లోనే ఆ సైన్యం ఇంకా ఎందుకన్న ప్రశ్న లేస్తుంది. అందుకే వాషింగ్టన్ ముందు అణ్వాయుధాలు, తర్వాత శాంతి అంటుంది. ప్యోంగ్యాంగ్ ముందు శాంతి, తర్వాత మిగతావి అంటుంది. ప్యోంగ్యాంగ్ అణు కార్యక్రమం మీద 1994 ఒప్పందం, 2005 ఆరు దేశాల ప్రకటన, 2019 ఫిబ్రవరి హనోయి సమావేశం, మూడూ ఈ ‘ముందు ఏది’ దగ్గరే చిట్లాయి. అందులో ప్యోంగ్యాంగ్ మోసానికి వాటా ఉంది, వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా మాట మారడానికీ వాటా ఉంది.

జపాన్‌కు పాత బాకీ ఉంది. దక్షిణంతో 1965లో 30 కోట్ల డాలర్ల సాయం, 20 కోట్ల అప్పు ఇచ్చి తన వలస పాలన నాటి లెక్క తీరిందన్నారు. ఉత్తరంతో ఆ లెక్క ఇంకా తెరవలేదు. తన పౌరుల్ని ఉత్తర కొరియా ఎత్తుకుపోయిందన్న గాయం కూడా పచ్చిగానే ఉంది. 2002లో ఐదుగురు తిరిగొచ్చారు, మిగతావాళ్ల తల్లిదండ్రులు ఎదురుచూస్తూనే ఒక్కొక్కరుగా పోతున్నారు. ఆ కన్నీళ్లు నిజం. దాంతో పాటు ఏడున్నర కోట్ల పైచిలుకు జనంతో, అణు విద్య చేతిలో ఉన్న, పాత పగ మరవని ఒక్క కొరియా పక్కింట్లో వెలియడం టోక్యోకు నిద్ర పట్టనివ్వదు. పైకి అనరు గానీ ఇదీ నిజమే.

రష్యా సరిహద్దు 17 కిలోమీటర్లే. సియోల్ దాకా గ్యాస్ గొట్టం, రైలు అని మాస్కో చాలాకాలం ఏకీకరణ వైపు ఆశగా చూసింది. ఉక్రెయిన్ యుద్ధం దాన్ని మార్చేసింది. 2024 జూన్‌లో ప్యోంగ్యాంగ్‌తో పరస్పర సైనిక సాయపు ఒడంబడిక కుదిరింది, ఆ శరదృతువులోనే ఉత్తర కొరియా సైనికులు రష్యాలోని కుర్స్క్ చేరారు. చైనా ఒక్కదాని మీదే ఆధారపడిన ప్యోంగ్యాంగ్‌కు రెండో అండ దొరికింది. అండ పెరిగేకొద్దీ దక్షిణంతో మాట్లాడాల్సిన అవసరం తగ్గుతుంది.

జర్మనీ కలిసింది కదా అని మీలో చాలామంది మనసులో అడుగుతున్నారని తెలుసు. 1990లో రెండు జర్మనీలు, నాలుగు అగ్రరాజ్యాలు కూర్చుని సెప్టెంబరు 12న సంతకాలు చేశాయి. బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ ఇష్టం లేకపోయినా ఆపలేకపోయాయి. అయితే జర్మన్లు ఒకరినొకరు చంపుకోలేదు. గోడ ఉన్న రోజుల్లోనూ ఉత్తరాలు, పొట్లాలు దాటాయి, పశ్చిమ టీవీని తూర్పువాళ్లు ఇంట్లో కూర్చుని చూశారు. నలుగురు పశ్చిమవాళ్లకు ఒక తూర్పు మనిషి చొప్పున పోషణ భారం పంచుకున్నారు. కొరియాలో ఇద్దరికి ఒకరు, ఆదాయాల తేడా అంతకు ఎన్నో రెట్లు. పైగా అక్కడ ఒక అండ, సోవియట్ యూనియన్, చతికిలబడింది. ఇక్కడ చైనా అండ ఏటేటా బలపడుతోంది.

ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగాయని మనకు సామెత. తిమింగలాల కొట్లాటలో రొయ్య వీపు పగిలిందని కొరియావాళ్లంటారు. నాకు ఆ సామెత 1905కు సరిపోతుందనిపిస్తుంది గానీ ఈ రోజుకు కాదు. దక్షిణం ప్రపంచపు పెద్ద ఆర్థిక శక్తుల్లో ఒకటి, ఉత్తరం ఆరుసార్లు అణు పరీక్ష చేసిన రాజ్యం. వీటిని ఇంకా రొయ్య అనడం ఆ రెండు రాజధానుల పాలకులను బాధ్యత నుంచి తప్పించడమే.

5

ఆ బాధ్యత కొలవడానికి 1972 చూడండి. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లొచ్చాక తమ రక్షకులు తమ తలల మీదుగా చేతులు కలుపుతున్నారన్న దడ రెండు కొరియాలకూ పుట్టింది. జూలై 4న ఉమ్మడి ప్రకటన చేశారు. పరాయి జోక్యం లేకుండా, శాంతిగా, సిద్ధాంతాలకు అతీతంగా జాతి ఐక్యత. సియోల్ వీధుల్లో జనం ఏడ్చారు. ఆరు నెలలు తిరక్కుండా డిసెంబరు 27న, ఒకే రోజున, దక్షిణంలో పార్క్ చుంగ్ హీని గద్దె దిగనవసరం లేని అధ్యక్షుణ్ని చేసిన రాజ్యాంగం, ఉత్తరంలో కిమ్ ఇల్ సంగ్‌ను దేశాధ్యక్షుణ్ని చేసిన రాజ్యాంగం అమల్లోకి వచ్చాయి. ఏకీకరణకు బలమైన ప్రభుత్వం కావాలన్నారు. బలం మిగిలింది, ఏకీకరణ పోయింది.

1991 డిసెంబరు ఒప్పందంలో ఒక అందమైన మాట ఉంది. మనది దేశానికీ దేశానికీ మధ్య సంబంధం కాదు, కలిసే దారిలో తాత్కాలికంగా ఏర్పడిన ప్రత్యేక సంబంధం అని ఇద్దరూ రాసుకున్నారు. అప్పటికే సోవియట్ యూనియన్ సియోల్‌ను గుర్తించింది, 1992లో చైనా గుర్తించింది. బదులుగా అమెరికా, జపాన్ ప్యోంగ్యాంగ్‌ను గుర్తించి ఉంటే త్రాసు నిలబడేది. గుర్తించలేదు. ఒంటరైన ప్యోంగ్యాంగ్ అణు దారి పట్టింది. నా అంచనాలో గత 40 ఏళ్లలో చేజారిన అతి పెద్ద అవకాశం అది.

2000 జూన్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడు కిమ్ డే జుంగ్ ప్యోంగ్యాంగ్ వెళ్లారు. ఆ దారిలోనే కేసాంగ్ పారిశ్రామికవాడ పుట్టింది. దక్షిణాది కంపెనీలు, 50,000కు పైగా ఉత్తరాది కార్మికులు, ఎక్కువమంది ఆడవాళ్లు. బట్టలు, బూట్లు, గిన్నెలు తయారుచేశారు. పదకొండేళ్లు కొరియావాళ్లు కొరియావాళ్లతో కలిసి పనిచేసిన చోటు అది. 2016 ఫిబ్రవరిలో, అణు పరీక్ష, రాకెట్ ప్రయోగం తర్వాత, సియోల్ దాన్ని మూసేసింది. మూసింది వాషింగ్టనూ కాదు, బీజింగూ కాదు.

ఇక 2018లో రైలు. ఏప్రిల్ 27న రెండు కొరియాల నాయకులు చేతులు పట్టుకుని గీతకు అటూ ఇటూ అడుగేయడం మీరంతా టీవీలో చూశారు. ఉత్తరాది పట్టాల పరిస్థితి చూడటానికి ఆగస్టులో దక్షిణం ఒక రైలు పంపబోయింది. విరామ ఒప్పందం ప్రకారం గీత దాటడానికి అనుమతి ఇవ్వాల్సింది సమితి సేనా కార్యాలయం, దాని అధిపతి అమెరికన్ జనరల్. గడువు చాలినంత ముందు చెప్పలేదని ఆయన కార్యాలయం రైలును ఆపింది. భద్రతామండలి ఆంక్షల నుంచి మినహాయింపు తెచ్చుకున్నాక నవంబరు 30న ఆరు పెట్టెల రైలు బయలుదేరి, 18 రోజులు, 1,200 కిలోమీటర్ల పట్టాలు పరిశీలించింది. డిసెంబరులో కేసాంగ్‌లో శంకుస్థాపన కూడా జరిగింది. పని మాత్రం మొదలు కాలేదు. ఇద్దరు అన్నదమ్ములు మధ్య గోడలో తలుపు తీద్దామనుకుంటే తాళంచెవి ఎవరెవరి జేబుల్లో ఉందో ఆ ఒక్క రైలు చూపించింది.

6

ఇప్పుడు మిగిలింది ఏమిటి? 2023 చివర్లో ఉత్తర కొరియా నాయకుడు కిమ్ జోంగ్ ఉన్ ఇక ఏకీకరణ లేదన్నారు, దక్షిణం శత్రుదేశమన్నారు. తన తాత కిమ్ ఇల్ సంగ్ కాలపు ఏకీకరణ సూత్రాల పేరిట ప్యోంగ్యాంగ్‌లో కట్టిన తోరణాన్ని 2024 జనవరిలో కూల్చేశారు. అక్టోబరులో దక్షిణానికి వెళ్లే రోడ్లను పేల్చేశారు. సియోల్‌లో రాజ్యాంగం 3వ అధికరణం ఇంకా ద్వీపకల్పమంతా మా భూభాగమే అంటోంది. ఉత్తరాదిలోని ఐదు రాష్ట్రాలకు గవర్నర్లను కూడా నియమిస్తూనే ఉన్నారు. దక్షిణాది యువతలో మాత్రం, కలిస్తే ఉద్యోగాలు, పన్నులు ఏమవుతాయన్న భయం ఏకీకరణ కోరికను దాటిపోతోంది. వాళ్లను తప్పుపట్టలేను. వాళ్లు కంచె అవతలి మేనత్తను ఎన్నడూ చూడలేదు.

నాలుగు దేశాల ప్రయోజనాలు ఈ తరంలో సర్దుకుంటాయని నేను నమ్మను. అందుకని ఏకీకరణ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కూడా తప్పే అంటాను. ఏకీకరణ ఎవరి పద్ధతిలో అన్న దగ్గర నలుగురికీ పేచీ ఉంది. కానీ ఒక జాబు ముక్క గీత దాటితే ఏ దేశపు భద్రతకు భంగం? 2014లో మన రాష్ట్రం విడిపోయిన తర్వాత కూడా హైదరాబాదు బస్సు విజయవాడకు వస్తోంది, పెళ్లిళ్లు కుదురుతున్నాయి, అందుకే విభజన అనగానే మనకు కొరియా బాధ తెలియదు. అక్కడ 70 ఏళ్లకు పైగా అన్న బతికున్నాడో లేడో చెల్లెలికి తెలిసే దారి లేదు. టపా లేదు, ఫోను లేదు.

1983లో దక్షిణ కొరియా టీవీ యుద్ధంలో విడిపోయిన బంధువులను కలిపే కార్యక్రమం మొదలుపెట్టింది. 138 రోజులు, 453 గంటల 45 నిమిషాలు ప్రసారమైంది. మెడలో అట్టముక్క మీద ఊరి పేరు, అమ్మ పేరు, పుట్టుమచ్చ రాసుకుని జనం వరసలో నిలబడ్డారు. 10,189 కుటుంబాలు కలిశాయి. వాళ్లంతా ఒకే దేశంలో, దక్షిణంలోనే, ఉండి ఒకరికొకరు తెలియనివాళ్లు. కంచె అవతలివాళ్ల కోసం 2000 నుంచి 21 విడతలు ప్రత్యక్షంగా కలిపారు, ఒక్కో విడతలో ఒక్కో వైపు నుంచి సుమారు వంద మందికే అవకాశం. చివరి విడత 2018 ఆగస్టులో.

1948లో మీనన్, 1950లో పణిక్కర్, 1953లో తిమ్మయ్య. మూడుసార్లు మనవాళ్లు ఆ గుమ్మంలో నిలబడ్డారు, మొదటిసారి మనం వద్దనలేదు, రెండోసారి మన మాట చెల్లలేదు, మూడోసారి పని ముగించి వచ్చారు. నేటికీ సియోల్‌లోనూ ప్యోంగ్యాంగ్‌లోనూ రాయబార కార్యాలయం ఉన్న దేశం మనది. అణ్వాయుధాల లెక్కలు తేల్చమని మనల్నెవరూ అడగరు. ముసలివాళ్ల ఉత్తరాలు దాటించమని మనం అడగవచ్చు. ఈ సభ తరఫున, మాస్టారి పేరు మీద, మన విదేశాంగ శాఖకు ఆ ఒక్క కోరికతో లేఖ రాద్దామని నా విన్నపం. ముసాయిదా రాసుకొచ్చాను, సభ ముగిశాక బల్ల మీద పెడతాను, సంతకాలు చేయండి.

బంధువుల కోసం దక్షిణ కొరియాలో పేరు నమోదు చేసుకున్నవాళ్లు 1,30,000 మందికి పైనే. బతికున్నవాళ్లు ఇప్పుడు 40,000 కన్నా తక్కువ. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది వయసు 80 దాటింది.